మట్టిమిద్దె (హాలహర్వి ప్రాంతము)

మట్టిమిద్దె లేదా చౌడుమిద్దె అనగా రాతి గోడలు, కట్టె దూలాలు, వాటిపై మట్టితో పరచిన చదునైన కప్పు గల రైతు ఇల్లు. కర్నూలు జిల్లా పశ్చిమ భాగములోని హాలహర్వి, ఆలూరు, హొళగుంద, ఆదోని, కౌతాళం, కోసిగి, ఎమ్మిగనూరు పరిసర గ్రామాలలో ఇరవయ్యవ శతాబ్దము చివరి వరకు వ్యవసాయ కుటుంబాలకు ఇదే ముఖ్యమైన నివాసము. మనుషులు, ఎద్దులు, ధాన్యము మూడింటికీ ఒకే కప్పు ఉండుట ఈ ఇంటి ప్రధాన లక్షణము. ఇది ఒకసారి కట్టి మరచిపోదగిన కట్టడము కాదు. ప్రతి ఏటా వానలకు ముందు కప్పును సరిచేసుకుంటే తరతరాలు నిలుస్తుంది. నాలుగైదేళ్ళు పట్టించుకోకపోతే లోపల ఉన్నవారికే ప్రమాదము తెస్తుంది.

పేరు

కోస్తా జిల్లాలలో మిద్దె అంటే పై అంతస్తు గల ఇల్లు అని అర్థము చెప్పుకుంటారు. రాయలసీమలో మాత్రము చదునైన కప్పు గల ఇల్లు ఏదైనా మిద్దెయే. పై అంతస్తు ఉంటే దానిని మేడ లేదా మాడీ అంటారు. బోదగడ్డి, రెల్లు వంటివి కప్పిన ఇల్లు కొట్టము. హాలహర్వి ప్రాంతము తెలుగు, కన్నడము రెండూ మాట్లాడే సరిహద్దు ప్రాంతము. ఇక్కడి కన్నడిగులు ఇదే ఇంటిని మాళిగె అంటారు. మహారాష్ట్రలోని మరాఠ్వాడాలో ఇటువంటి కప్పుకు మాళవద్ అని పేరు. పేర్లు వేరైనా దక్కను పీఠభూమిలో వాన తక్కువగా పడే నల్లరేగడి ప్రాంతమంతటా ఈ ఇల్లు కనబడుతుంది.

ఇంటి పరిమాణాన్ని అంకణాలలో చెప్పుట వాడుక. రెండు దూలాల మధ్య, నాలుగు కంబాల నడుమ వచ్చే చోటు ఒక అంకణము. "ఆరంకణాల మిద్దె", "పన్నెండంకణాల మిద్దె" అంటే ఆ కుటుంబము ఏపాటిదో ఊరివారికి అర్థమయ్యేది. తరువాతి కాలములో ఇది స్థలము కొలతగా మారినది. రాయలసీమలో అంకణము 36 చదరపు అడుగులు, నెల్లూరు ప్రాంతములో 72 చదరపు అడుగులు. ఈనాడు ఇంటి స్థలాలు కొనేవారు ఈ మాటను వాడుతున్నారు గాని, ఇది దూలము పొడవు నుండి పుట్టిన కొలత అని తెలిసినవారు తక్కువ.

ప్రాంతము, చరిత్ర

హాలహర్వి కర్నూలు జిల్లా పశ్చిమ అంచున, కర్ణాటకలోని బళ్ళారికి దగ్గరగా, వేదవతి (హగరి) నదీ పరివాహక ప్రాంతములో ఉన్నది. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. దత్తమండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో 1807 వరకు పనిచేసెను. అటుపిమ్మట ఆదోని, ఆలూరు తాలూకాలు చాలాకాలము బళ్ళారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరినవి. 2022లో నంద్యాల జిల్లా విడిపోయిన తరువాత కూడా ఈ ప్రాంతము కర్నూలు జిల్లాలోనే ఉన్నది. ఈ చరిత్రకు ఇంటి కట్టుబడితో సంబంధము ఉన్నది. ఆలూరు వైపు మిద్దెను చూసినవారికి దాని పోలికలు నంద్యాల వైపు కన్నా బళ్ళారి, సిరుగుప్ప వైపు ఇళ్ళలో ఎక్కువగా కనబడతాయి.

ఈ నేలలో పశువుల పెంపకము చాలా ప్రాచీనమైనది. బళ్ళారి సమీపములోని సంగనకల్లు, కుప్గల్ వద్ద నవీన శిలాయుగము నాటి బూడిద దిబ్బలు కలవు. పశువుల దొడ్లలో పోగుపడిన పేడను తగులబెట్టగా ఏర్పడిన దిబ్బలివి అని పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చినారు. నేటి మిద్దె ఆనాటి నుండి వచ్చినదని చెప్పుట తొందరపాటు అవుతుంది. అయితే ఎద్దును విడిచి ఇంటిని ఊహించలేని జీవనము ఇక్కడ కొత్తది కాదు.

పాలెగాళ్ళ కాలములో ఊళ్ళకు దోపిడీ భయము ఉండేది. పెద్ద గ్రామాలకు బురుజులు కట్టుకున్నారు. మిద్దె ఇళ్ళు గోడకు గోడ ఆనించి కట్టుట, వీధివైపు కిటికీలు లేకుండుట, తలవాకిలి ఎత్తు తక్కువగా ఉండుట, తలుపు వెనుక గోడలోకి దూరే అడ్డగడియ మాను ఉండుట వీటన్నింటికీ ఎండతోపాటు ఆ భయము కూడా కారణము. ఒక వీధిలోని మిద్దెలన్నీ కలిసి ఉండుటచే ఒక కొసన ఎక్కి మరొక కొసన దిగవచ్చును.

ఎందుకు ఈ విధముగా కట్టినారు

ఈ ప్రాంతములో ఏడాదికి పడే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. వేసవిలో ఎండ 40 డిగ్రీల సెల్సియసు దాటుతుంది. దగ్గరలో అడవి లేదు. పొడవైన కలప కావలెనంటే దూరపు అడవుల నుండి బండ్లపై తెచ్చుకోవలసినదే. పొలాలలో దొరికేవి వేప, తుమ్మ మాత్రమే. ఏటవాలు కప్పుకు పెంకులు, గడ్డి, పొడవైన వాసాలు కావలెను. వాన తక్కువైన చోట వాటి అవసరము కూడా తక్కువే. రాయి, మన్ను మాత్రము కావలసినంత ఉన్నవి. కాబట్టి గోడకు రాయి, కప్పుకు మన్ను, తప్పనిసరియైన చోట మాత్రమే కట్టె అన్నది ఈ ఇంటి లెక్క.

గడ్డి కప్పు చవకయే, కాని వేసవిలో నిప్పురవ్వ పడితే వీధి మొత్తము కాలిపోయేది. గడ్డివాములు ఇళ్ళ దగ్గరే ఉండుట వలన ఈ భయము ఎక్కువ. మట్టికప్పు అంటుకోదు. కొట్టము నుండి మిద్దెకు మారుట ఆ రోజులలో కుటుంబము నిలదొక్కుకున్నదనుటకు గుర్తు.

గోడలు

నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలు వారుతుంది. అందుచేత పునాదిని రేగడి దాటి గరుసు తగిలే వరకు తవ్వేవారు. గోడ మందము రెండడుగుల నుండి మూడడుగుల వరకు ఉంటుంది. బయటివైపు ఒక వరుస, లోపలివైపు ఒక వరుస పెద్దరాళ్ళు పేర్చి, నడుమ చిల్లరాళ్ళు, అడుసు నింపుతారు. సున్నము వాడిన ఇళ్ళు తక్కువ. ఆదోని, ఆలూరు ప్రాంతములో దొరికేది గ్రానైటు జాతి గట్టిరాయి. ఇది ముక్కలుగా పగులుతుంది గాని పలకలుగా చీలదు. నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల, బనగానపల్లె, కోయిలకుంట్ల వైపు నాపరాయి పలకలుగా వస్తుంది కనుక అక్కడ కప్పుకు కూడా బండలు పరుస్తారు. పశ్చిమాన ఆ సౌకర్యము లేదు. కట్టె, మన్ను ఇక్కడి ఇంటికి తప్పనిసరి అగుటకు ఇదియే కారణము.

రాతిపని వడ్డెరలు, కట్టెపని వడ్రంగులు చేసేవారు. గోడ కట్టేటప్పుడు మంచి పనివాడు అక్కడక్కడ రెండు వరుసలను కలుపుతూ గోడ మందమంత పొడవైన రాయిని అడ్డముగా పెట్టేవాడు. చూడడానికి ఇది చిన్న విషయము. ఈ అడ్డురాళ్ళు లేని గోడలో రెండు వరుసలు కాలక్రమములో విడివడి, బయటి వరుస కడుపు వచ్చినట్లు ఉబ్బుతుంది. పాత మిద్దెను పరిశీలించేవారు మొదట చూడవలసినది ఈ ఉబ్బునే.

గోడ లోపలివైపు దీపపు గూళ్ళు, చెంబులు పెట్టుకొనే గూళ్ళు వదులుతారు. లోపలి గోడలకు ఎర్రమన్ను, పేడ కలిపి మెత్తుతారు. నేలను పేడతో అలుకుతారు. కలిగినవారి ఇళ్ళలో గచ్చు నేల ఉండేది.

కట్టెపని, కప్పు

నేలపై రాతి దిమ్మె, దానిపై కట్టె కంబము, కంబము తలపై బోదె, బోదెపై దూలము, దూలానికి అడ్డముగా దంతెలు. ఇది కప్పును మోసే వరుస. కంబము నేరుగా నేలపై ఆనితే నిమ్ము, చెద పడుతుంది గనుక రాతి దిమ్మె తప్పనిసరి. బోదె అన్నది దూలానికి రెండువైపులా కొంత ఆసరా ఇచ్చే అడ్డకట్టె. దీనివలన కొంచెము పొట్టి దూలము కూడా సరిపోతుంది. రెడ్లు, కరణాలు మొదలైన పెద్ద కుటుంబాల ఇళ్ళలో బోదెలపై పువ్వులు, చిలుకలు చెక్కించేవారు. సామాన్యుల ఇళ్ళలో అవి నునుపు చేసిన కట్టెలు మాత్రమే.

బాగా కట్టిన మిద్దెలో గోడల వెంబడి కూడా కంబాలు ఉంటాయి. అనగా కప్పు బరువంతా కట్టె చట్రముపై పడుతుంది, గోడ కేవలము మరుగు. ఖర్చు తగ్గించుకొన్న ఇళ్ళలో నడుమ మాత్రము కంబాలు పెట్టి, దూలాల చివరలను గోడలోకి దూర్చేవారు. గోడ లోపల ఉన్న దూలపు చివర ఎవరికీ కనబడదు, గాలి తగలదు, పుచ్చు మొదట అక్కడే పడుతుంది. ఈ తేడాను గురించి మరల ప్రమాదాల విభాగములో చెప్పవలసి ఉన్నది.

దంతెలపై సన్నని కట్టెలు సందు లేకుండా పరుస్తారు. కొందరు కందికట్టె వాడుతారు. దానిపై వేప, కానుగ, వావిలి వంటి పురుగు పట్టని ఆకు మందముగా పరుస్తారు. దానిపై అడుసు, అడుసుపై పొడి ఎర్రమన్ను వేసి దిమ్మిసతో కొడతారు. అన్నింటికీ పైన చౌడు. మొత్తము మందము సుమారు ఒక అడుగు. కప్పుకు తెలిసీ తెలియనంత వాలు ఇచ్చి, వాననీరు పోవుటకు గోడ బయటికి పొడుచుకొని వచ్చిన దోనెలు పెడతారు. పది అంకణాల మిద్దెపై ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 330 లీటర్ల నీరు దోనెల గుండా దిగవలెను. దోనె పొట్టిదైతే ఆ నీరు గోడ వెంట జారి అడుసును కరిగిస్తుంది. కావున దోనె ఎంత ముందుకు ఉంటే గోడకు అంత మేలు.

విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవచ్చును. ఒక అంకణము 36 చదరపు అడుగులు, మందము ఒక అడుగు అనుకుంటే 36 ఘనపుటడుగుల మన్ను, అనగా దాదాపు ఒక ఘనమీటరు. దాని బరువు పొడిగా ఉన్నప్పుడే ఒకటిన్నర టన్నులకు పైగా ఉంటుంది. తడిస్తే రెండు టన్నులకు చేరువ అవుతుంది. పది అంకణాల ఇంట్లో నిద్రించేవారి తలపై పదిహేను నుండి ఇరవై టన్నుల మన్ను ఉన్నదన్నమాట.

చౌడు

చౌడు అనగా సోడియము లవణాలు ఎక్కువగా గల నేల నుండి తీసిన తెల్లని లేదా బూడిద రంగు మన్ను. చాకలివారు పూర్వము బట్టలు ఉతుకుటకు వాడినది ఇదే. సోడియము ఎక్కువైన బంకమన్ను తడిసినప్పుడు అతి సన్నని రేణువులుగా విడిపోయి మట్టిలోని సందులను మూసివేస్తుంది. దానితో నీరు లోపలికి ఇంకక పైనే పారిపోతుంది. పొలములో రైతును ఏడిపించే గుణము ఇదే. చౌడునేలలో నీరు ఇంకదు, వేరు పోదు, పైరు రాదు. మిద్దెపైన కావలసినది సరిగ్గా అదే. నీరు ఇంకరాదు, గడ్డి మొలవరాదు. గడ్డి మొలిస్తే దాని వేర్ల వెంబడి నీరు దిగుతుంది. రసాయన శాస్త్రము తెలియని కాలములో ఒకే మన్నుకు గల ఈ రెండు ముఖాలను గుర్తించి వాడుకొనుట సామాన్య విషయము కాదు.

రేగడి మన్ను కప్పుకు పనికిరాదు. ఎండలో బీటలు వారి, తొలివానకే ఆ బీటల గుండా నీళ్ళు ఇంట్లోకి వస్తాయి. ఎర్రమన్ను ఒక్కటే అయితే వానకు కోసుకొనిపోతుంది.

రోహిణి కార్తె ఎండలలో, మృగశిర రాకముందే చౌడు తోలుకొనుట ఊరంతటికీ పని. బండ్లతో చౌడు తెచ్చి వాకిట పోస్తారు. గంపలతో పైకి ఎత్తుతారు. పాత కప్పుపై ఎలుక బొరియలు, పగుళ్ళు పూడ్చి, పల్చగా చౌడు చల్లి, చదును చేస్తారు. తొలివాన పడగానే ఇంటి మనిషి ఒకరు గోనెసంచి కప్పుకొని మిద్దెక్కి, నీరు నిలిచిన చోట కాలితో తొక్కి సరిచేస్తారు. ఏ మూల ఉరుస్తున్నదో లోపల ఉన్న ఆడవారు కేక వేసి చెబుతారు. ఆ వానలో చేసిన పది నిమిషాల పని ఏడాదంతా కాపాడుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఏటా అర అంగుళము చౌడు వేస్తూ పోతే ఇరవై ఏళ్ళకు పది అంగుళాలు పెరుగుతుంది. వాన కొంత కడిగివేసినా బరువు పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి జాగ్రత్త గలవారు కొన్నేళ్ళకు ఒకసారి పాతమన్ను దించి, కట్టెలు పరీక్షించి, తిరిగి కొత్తగా కప్పు వేసేవారు. ఆ దించిన మన్ను పొలానికి తోలేవారు. మన్ను వేయుట అందరూ చేసేవారు, దించుట కొందరే చేసేవారు. కూలిన మిద్దెల శిథిలాలలో రెండడుగుల మందమైన కప్పు కనబడుటకు కారణము ఇదే.

ఇంటి లోపల

తలవాకిలి సాధారణముగా తూర్పు లేదా ఉత్తర ముఖముగా ఉంటుంది. ఇరువైపులా అరుగులు. వంగి లోపలికి అడుగుపెట్టగానే మొదట వచ్చేది గాటిపాడు, అనగా ఎద్దులు, ఆవులు కట్టే చోటు. దీని నేల పల్లముగా ఉంటుంది. దాని తరువాత ఒకటిన్నర, రెండడుగుల ఎత్తున పడసాల. పడసాల అంచునే గాడి ఉండుట వలన మనిషి తన చోటు నుండి కదలకుండా ఎద్దుకు మేత వేయవచ్చును. రాత్రి పడుకున్నవాడు తల తిప్పితే ఎద్దు మేస్తున్నదా లేదా తెలుస్తుంది. భూమి తరువాత రైతుకు ఉన్న పెద్ద ఆస్తి ఎద్దుల జత. దొంగ దానిని తీసుకొనిపోవలెనంటే ఇంటి వారందరినీ దాటిపోవలెను.

పడసాల వెనుక నట్టిల్లు, దాని పక్కన వంటిల్లు, ఒక మూల దేవుని గూడు. నీళ్ళ బానలు, స్నానానికి జాలాది వేరుగా ఉంటాయి. నట్టింట్లో పగలు కూడా చీకటే. వెలుగు వచ్చేది గవాచి నుండి. గవాచి (గవాక్షి) అనగా కప్పులో వదిలిన గుండ్రని రంధ్రము. చుట్టూ మన్ను జారకుండా అడుగు లేని కుండను గాని రాతిచట్రాన్ని గాని అమరుస్తారు. పొయ్యి పొగ పోవుటకు, గాలి వచ్చుటకు, వెలుగుకు అదే దారి. వాన వస్తే పైకెక్కి బండ మూయవలెను. సుగ్గికాలములో మిద్దెపై ఆరబోసిన ధాన్యాన్ని గవాచి గుండా నేరుగా లోపలి గరిసెలోకి పోసే వాడుక కూడా ఉన్నది. మిట్టమధ్యాహ్నము గవాచి నుండి నేలపై పడిన ఎండబిళ్ళ జరుగుటను చూసి ఇంటి ఆడవారు పొద్దు తెలుసుకొనేవారు.

ఈ అమరికను పొగడేవారు దాని మరో పక్కను కూడా చెప్పవలెను. పేడ, గంజు, ఈగలు, పొగ, చీకటి అన్నీ ఒకే కప్పు క్రింద ఉండేవి. వంటింటి పొగ భారము ఆడవారి కళ్ళపై, ఊపిరితిత్తులపై పడేది. ప్రసవము కూడా ఆ చీకటి గదిలోనే జరిగేది. పాత ఇల్లు అంతా మంచిదే అన్నవారు ఆ గదిలో జీవితము గడిపినవారు కాకపోవచ్చును.

చలువ విషయములో మాత్రము మట్టిమిద్దెకు సాటి లేదు. మందమైన మన్ను ఎండవేడిని మెల్లగా లోపలికి పంపుతుంది. మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి రాత్రి అవుతుంది. అందుకే పగలు లోపల, రాత్రి మిద్దెపైన ఉండుట వేసవి అలవాటు. కోతల తరువాత మిద్దెపై జొన్నలు, మిరపకాయలు, కొర్రలు ఆరబోస్తారు. కప్పు అనుట కన్నా దానిని ఇంటిలో మరొక గది అనుట సరిగా ఉంటుంది.

పాతర

జొన్నను ఏళ్ళ తరబడి దాచుకొనుటకు నేలలో తవ్విన గొయ్యి పాతర. కొన్ని ఇళ్ళలో ఇంటిలోనే, కొన్ని ఊళ్ళలో ఎత్తైన గరుసు నేలపై ఊరుమ్మడిగా ఉండేవి. లోపల గడ్డి పరచి, ధాన్యము పోసి, నోటిపై గడ్డి, బండ పెట్టి మట్టితో మూసివేస్తారు. ధాన్యము లోపలి ప్రాణవాయువును వాడుకొనగా పురుగు బ్రతకలేదు. ఇదే కారణముచే పాతర తెరవగానే దిగిన మనిషి ఊపిరాడక చనిపోయే ప్రమాదము ఉన్నది. గాలి సోకనిచ్చి, దీపము దించి, అది ఆరకపోతేనే దిగేవారు. 1876-78 నాటి మహాక్షామములో బళ్ళారి, కర్నూలు జిల్లాలు ఘోరముగా దెబ్బతిన్నవి. పాతర అవసరము అటువంటి కరువుల నుండే అర్థమవుతుంది. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట, దాని దిగువ కాలువ, ఆ పిమ్మట వచ్చిన చౌక ధరల దుకాణాలు, జొన్న బదులు పత్తి, వేరుశనగ వేయుట వలన పాతరల వాడకము పోయినది.

నేతవారి మిద్దెలు

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నేతవారి సహకార సంఘాన్ని స్థాపించినారు. అక్కడి నేతవారి మిద్దెలలో గాటిపాడు ఉండదు, దాని చోట మగ్గము గుంట ఉంటుంది. నేల చల్లదనానికి, తేమకు నూలు తెగకుండా ఉండుట గుంటమగ్గానికి లాభము. గవాచి వెలుగు మగ్గముపై పడేటట్లు అమర్చుకొనేవారు. కట్టుబడి మాత్రము రైతు ఇంటిదే.

ఇతర దేశాలలో

ఇంగ్లాండు నైరుతి భాగములోని డార్ట్‌మూర్ ప్రాంతములో మధ్యయుగము నాటి పొడుగాటి రైతు ఇళ్ళు కొన్ని నేటికీ ఉన్నాయి. వాటి గోడలు కూడా గ్రానైటు రాళ్ళవే. నడుమ ఒక నడవా, దానికి ఒకవైపు మనుషులు, మరొకవైపు పశువులు. ఇంటిని వాలునేలపై కట్టి, పశువుల భాగము పల్లపు వైపు ఉంచి, గంజు బయటికి పోయేటట్లు నడుమ కాలువ తీసినారు. హాలహర్వి మిద్దెలో పడసాల ఎత్తుగా, గాటిపాడు పల్లముగా ఉండుటకు కారణము కూడా అదే. వాన ఎక్కువ కనుక అక్కడ కప్పు నిలువు వాలు గల గడ్డికప్పు. అక్కడ పశువు తోడు చలికి వెచ్చదనము, ఇక్కడ దొంగభయానికి కాపలా. ఆ ఇళ్ళకు చట్టరక్షణ లభించినది. ఇక్కడి ఇళ్ళకు అటువంటిది లేదు. కోటలకు, గుళ్ళకు ఇచ్చిన విలువ రైతు ఇంటికి మన పురావస్తు జాబితాలు ఇవ్వలేదు.

ప్రమాదాలు

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి వద్ద వచ్చిన భూకంపములో లాతూరు, ఉస్మానాబాద్ (ప్రస్తుతము ధారాశివ్) జిల్లాలలో 8 వేల నుండి 10 వేల మంది మరణించినారు. భూకంప తీవ్రత సుమారు 6.2. ఇంతమంది చనిపోవుటకు అక్కడి ఇళ్ళే కారణమని నిపుణులు తేల్చినారు. ఆ ఇళ్ళు మన మట్టిమిద్దె వంటివే. అడుసుతో కట్టిన మందపు రాతిగోడల రెండు వరుసలు విడిపోయి పడగా, వాటిపైన మట్టికప్పు నిద్రిస్తున్నవారిపై కూలినది. కట్టె చట్రము కప్పును మోసిన ఇళ్ళలో గోడలు పడినా కప్పు నిలిచిన ఉదాహరణలు కనబడినవి. కంబాలు ఎక్కువ పెట్టించిన పాత వడ్రంగి మాటకు ఇది సాక్ష్యము.

కర్నూలు జిల్లాలో భూకంప భయము తక్కువ, వాన భయము ఎక్కువ. 2009 అక్టోబరు మొదటి వారములో తుంగభద్ర పొంగి కర్నూలు, మంత్రాలయము మునిగినప్పుడు నదీతీర గ్రామాలలో మట్టి ఇళ్ళు పెద్దసంఖ్యలో కూలినవి. నీట మునిగిన గోడలో అడుసు కరిగిపోతే రాళ్ళకు పట్టు ఉండదు. వరద లేని సంవత్సరాలలో కూడా, మూడు నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు పాత మిద్దె కూలి కుటుంబము చనిపోయినదన్న వార్త ఈ వైపు నుండి వస్తూనే ఉంటుంది. వాన పడుతున్నప్పుడే కాదు, వాన వెలిసిన తరువాత కూడా మిద్దె కూలవచ్చును. అప్పటికి కప్పు పూర్తిగా నీరు పీల్చి బరువెక్కి ఉంటుంది, గోడలోని దూలపు చివర మెత్తబడి ఉంటుంది. వాన తగ్గినదని పశువుల కొట్టము నుండి ఇంట్లోకి వచ్చి పడుకున్నవారు ప్రమాదములో పడుతున్నారు.

క్షీణత

మిద్దె వెనుకబడుటకు సిమెంటు ఒక్కటే కారణము అనుట పొరపాటు. పశ్చిమ మండలాలలో చాలా కుటుంబాలు ఏటా పత్తి, మిరప కోతల పనులకు గుంటూరు వైపు, కర్ణాటక వైపు వలస పోతాయి. దీనిని సుగ్గికి పోవుట అంటారు. తిరిగి వచ్చేసరికి చౌడు తోలే అదను దాటిపోతుంది. ఎద్దుల స్థానములో ట్రాక్టరు వచ్చుటచే చౌడు తోలే బండి లేదు, గాటిపాటికి పని లేదు. ఎద్దు పోయిన ఇంట్లో ఆ పల్లపు భాగము పాత సామాన్ల చోటుగా మారినది.

మూడవది పంపకము. అన్నదమ్ములు అంకణాలు పంచుకొని నడుమ గోడ లేపుకుంటారు. కాని దూలము ఒక్కటే, కప్పు ఒక్కటే. ఒకరు పట్నములో ఉండి తన భాగానికి చౌడు వేయకపోతే, ఆ నీరు వేసుకున్నవారి దూలానికి చేరుతుంది. పాతమన్ను దించి కట్టెలు మార్చవలెనంటే అందరూ కలిసి రావలెను. ఈ వ్యాసము వ్రాయునాటికి పాడుబడిన మిద్దెలలో ఎన్నింటికో అసలు జబ్బు ఇదే అని చెప్పవచ్చును.

ప్రభుత్వ గృహ పథకాలు, ముఖ్యముగా 2006లో ఆరంభమైన ఇందిరమ్మ పథకము తరువాత, సిమెంటు కప్పు ఇళ్ళు ఊరి చివర కాలనీలుగా వచ్చినవి. ఇవి ఉరవవు, కూలవు. అయితే నాలుగంగుళాల సిమెంటు కప్పు వేసవి మధ్యాహ్నము పెనమువలె కాలుతుంది. అందుచేత కొన్ని కుటుంబాలు కొత్త ఇల్లు కట్టుకొని కూడా పగలు పాత మిద్దెలోనే గడుపుతున్నవి. 

పాత మిద్దెలో ఉంటున్నవారు గమనించవలసినవి

కప్పు మందము ఒక అడుగు మించి ఉంటే, వేసవిలోనే పాతమన్ను దింపించుకొనవలెను. దూలాలను నడుమ మాత్రమే కాక గోడలోకి పోయే చోట ఇనుప చువ్వతో గుచ్చి చూడవలెను. చువ్వ సులభముగా దిగితే ఆ దూలము క్రింద, గోడకు ఒక అడుగు ఇవతల, కొత్త కంబము నిలబెట్టుట అన్నింటికన్నా చవకైన మరమ్మతు. గోడ ఉబ్బినచోట మట్టి మెత్తి దాచరాదు. ఆ భాగము విప్పి అడ్డురాళ్ళతో తిరిగి కట్టవలెను. పాత మట్టికప్పుపై సిమెంటు పూత వేయుట కొందరు చేస్తున్న పని. పూత పగిలిన తరువాత లోపలికి చేరిన నీరు బయటికి ఆవిరి కాలేక కట్టెను పుచ్చబెడుతుంది, పైకి మాత్రము ఏమీ కనబడదు. ప్లాస్టిక్ పట్ట కప్పేవారు దానిని వానలో మాత్రమే కప్పి, ఎండ రాగానే తీసివేయవలెను. ముసురు పట్టి మూడు రోజులు దాటితే, వాన వెలిసిన తరువాత కూడా కప్పు ఆరేవరకు, కనీసము రెండు ఎండలు కాసేవరకు, ఆ ఇంట్లో పడుకొనరాదు.